‘డాక్టరు’ శబ్దము: యోగము, రూఢి

ప్రాచ్యకళాశాలలలో నేడు పేరునకు ముందు ‘డాక్టరు’ అని లేని అధ్యాపకుడు అరుదు. ఇది సంతోషింపదగిన విషయమే. ముప్పదినాలుగు సంవత్సరములు వ్యాకరణము పాఠము చెప్పి ఉద్యోగవిరమణ చేసిన నాకు ఆ పదము లేదు. ఇక రాదు కూడ. అందుచేత దానిని గూర్చి వ్రాయుటకు నాకు అర్హత లేదని కొందరును, లేదు గనుకనే నిష్పక్షపాతముగా వ్రాయగలనని కొందరును అనవచ్చును. రెండవవారి మాట నమ్మి ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాను. ఏ పదము కంటబడినను దాని ప్రకృతి యేది, ప్రత్యయమేది, శక్తి యెక్కడ నున్నది అని అడుగుట వైయాకరణునకు అలవాటు. అత్యున్నత విద్యాపట్టమునకు పేరైన పదమును మాత్రము ఆ ప్రశ్న అడుగక విడుచుట యెందులకు?

‘డాక్టరు’ లాటిను పదము. ఆ భాషలో ‘డోకేరే’ అనగా బోధించుట. ‘డోక్టోర్’ అనగా బోధించువాడు. చివరనున్న ‘తోర్’ మన తృచ్ ప్రత్యయమునకు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దాతృ, నేతృ, కర్తృ శబ్దములలో మనకు కనబడునదే అక్కడ ఆ రూపమున నున్నది. కావున అవయవార్థమును బట్టి చూచినచో డాక్టరనగా అధ్యాపకుడు. అంతకంటె ఒక్క అక్షరము ఎక్కువ లేదు.

మధ్యయుగములలో ఇటలీలోని బొలోన్యా, ఫ్రాన్సులోని పారిస్ విద్యాపీఠములలో ఈ పదము పట్టముగా స్థిరపడినది. అప్పుడు పట్టమనగా పాఠము చెప్పుటకు అనుజ్ఞ. చదువు ముగించినవాడు పెద్దలయెదుట వాదము చేసి నిలువవలెను. నిలిచినవానిని పీఠముపై కూర్చుండబెట్టి, చేతికి గ్రంథమిచ్చి, తలపై టోపీ పెట్టెడివారు. నేటి స్నాతకోత్సవములలో మనము ధరించు అంగీలును టోపీలును ఆ కాలపు శేషములే. ఈ వృత్తాంతమును మొదట చదివినప్పుడు నాకు ఏ పరదేశపు సంగతియు చదువుచున్నట్లు తోచలేదు. వాక్యార్థసభయు, పీఠమును, గ్రంథమును మనకు తెలియనివి కావు గదా. టోపీకి బదులు మనకు శాలువ.

అట్టి పదము వైద్యుని కెట్లు పోయినది? ఆ విద్యాపీఠములలో ఉన్నతవిద్యాశాఖలు మూడు: మతశాస్త్రము, న్యాయశాస్త్రము, వైద్యము. మూడింటిలోను బోధకుడు డాక్టరే. కాని సామాన్యజనునకు దినదినమును పనిపడినది మూడవవానితో. మతాచార్యునకు వేరు పేర్లున్నవి, న్యాయవాదికిని ఉన్నవి. తుదకు ప్రజలనోట ఆ పదము వైద్యునియందు నిలిచిపోయినది. విచిత్రమేమనగా, మనదేశమున ఎం.బి.బి.ఎస్. చదివినవారి పట్టము శాస్త్రరీత్యా ‘బ్యాచిలర్’ పట్టమే. డాక్టరు అనుట లోకమర్యాద. ఇంగ్లండులో శస్త్రవైద్యులు నేటికిని తమను ‘మిస్టర్’ అని పిలిపించుకొందురు, డాక్టరని కాదు.

ముక్తావళి చదివినవారికి శక్తపదములు నాలుగు విధములని తెలియును. పాచకశబ్దము యౌగికము, వండువాడని అవయవములే చెప్పును. మండపశబ్దము రూఢము, గంజి త్రాగువాడను అవయవార్థమునకును స్తంభములపై నిలిచిన కట్టడమునకును సంబంధము లేదు. పంకజశబ్దము యోగరూఢము, బురదలో పుట్టినదియు కావలెను, పద్మమును కావలెను. ఉద్భిత్ శబ్దము యౌగికరూఢము. ఒకచో భూమిని చీల్చుకొని వచ్చు చెట్టును యోగముచేత చెప్పును, వేరొకచో ఒక యాగమును రూఢిచేత చెప్పును. రెండును వేర్వేరు దారులు. డాక్టరుశబ్దము ఈ నాలుగవ కోవకు చెందును. యోగముచేత అధ్యాపకుడు, రూఢిచేత వైద్యుడు. అయితే రూఢి యోగమును అపహరించునని మన పెద్దలు ఊరక చెప్పలేదు. నా శిష్యుడొకడు పట్టము రాగానే తన పల్లెలోని యింటికి నామఫలకము తగిలించెను. మూడవనాడే ఒక ముసలమ్మ మనుమని చంకనెత్తుకొని జ్వరమునకు మందడుగ వచ్చినది. పాపము, ఆమె శాబ్దబోధలో దోషమేమియు లేదు.

ఈ చిక్కు తప్పించుటకే కాబోలు, సంస్కృతవిద్యాపీఠములు తమ పట్టములకు తమ పేర్లు పెట్టుకొన్నవి. తిరుపతిలో 1961లో స్థాపింపబడి, 1987లో మానిత విశ్వవిద్యాలయమై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృతవిద్యాపీఠమున పిహెచ్.డి.కి ‘విద్యావారిధి’ అని పేరు. దానికి పైపట్టము ‘వాచస్పతి’. రెండును చక్కని పదములు. నీరు ఇందులో నిలుపబడును గనుక వారిధి. ధా ధాతువుపై అధికరణార్థమున ‘కి’ ప్రత్యయము. వాచస్పతి అలుక్సమాసము, సమాసమైనను షష్ఠి లోపింపలేదు. మన ముద్రాపకులు మాత్రము ఆహ్వానపత్రికలలో తరచుగా ‘విద్యావారధి’ అని అచ్చువేయుదురు. తెలుగువాడుకలో వారధి యనగా వంతెన. మొదట ఈ తప్పునకు విసుగుకొనెడివాడను. తరువాత ఆలోచించి చూడగా, అధ్యాపకునకు సముద్రముకంటె వంతెనయే తగిన ఉపమానమేమో అనిపించినది. సముద్రము కదలక పడియుండును. వంతెనపై నలుగురు నడచి అవతలికి పోవుదురు.

‘ఆచార్య’ పదము సంగతి ఇంకను చిత్రము. యాస్కుడు నిరుక్తమున దీనికి మూడు వ్యుత్పత్తులు చెప్పెను: ఆచారమును గ్రహింపజేయువాడు, అర్థములను కూర్చువాడు, బుద్ధిని కూర్చువాడు. మనుస్మృతిలో ఉపనయనము చేసి సకల్పముగా సరహస్యముగా వేదమును చెప్పినవాడు ఆచార్యుడు; వేదమున ఒక భాగమునో, అంగములనో జీవికకొరకు చెప్పువాడు ఉపాధ్యాయుడు. ఈ లెక్కను చూచినచో నెల మొదటి తేదీకై ఎదురుచూచిన మేమందరమును ఉపాధ్యాయులమే. కాని నేటి వ్యవహారము చూడుడు. సంస్కృతవిద్యాపీఠములలో ఎం.ఏ.కు సమానమైన పట్టము ‘ఆచార్య’. ఇరువదిమూడేండ్ల బాలుడు ఆచార్యుడగును. తెలుగు విశ్వవిద్యాలయవ్యవహారమున ‘ఆచార్య’ యనగా ప్రొఫెసరు. ఒకే సభావేదికపై ఒకరికి అది చదువు, మరియొకరికి ఉద్యోగము. పరిచయము చేయువాడు ఆచార్యులవారిని ఆచార్యులవారికి పరిచయము చేసి చెమట తుడుచుకొనుట నేను చూచితిని.

బిరుదములు మనకు క్రొత్త కావు. మెతుకుసీమలోని కొల్చారమునకు చెందిన మన మల్లినాథసూరి వ్యాఖ్యానముల గద్యలలో ఆయన పేరునకు ముందు ‘మహామహోపాధ్యాయ’ అని కనబడును. ఆ పదమునే 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవసందర్భమున ఆంగ్లప్రభుత్వము సంస్కృతపండితులకు ఇచ్చు బిరుదముగా నెలకొల్పినది. విజయనగరమున శబ్దేందుశేఖరమునకు ‘గురుప్రసాద’ వ్యాఖ్య వ్రాసిన తాతా సుబ్బరాయశాస్త్రిగారు ఆ బిరుదము నందినవారు. వారి వ్యాఖ్య చదువువారు నేడు ఆ బిరుదము రాజదత్తమని తలచి చదువరు. గోదావరీమండలపు ముంగండ అగ్రహారమునుండి ఢిల్లీకి పోయిన జగన్నాథునకు షాజహాను ‘పండితరాజ’ బిరుదమిచ్చెను. ఆ బిరుదము పేరును మింగినది. పండితరాయలన్నచో ఇక పేరు చెప్పనక్కరలేదు. ఇచ్చినవాని సింహాసనము పోయినను బిరుదము మాత్రము రసగంగాధరమును పట్టుకొని నిలిచియున్నది.

వీటికంటె నాకు ఇష్టమైన బిరుదములు వేరు. ‘ఘనపాఠి’ అనునది చూడుడు. అందులో సముద్రము లేదు, రాజు లేడు. ఘన చెప్పగలవాడు, అంతే. సందేహమున్నవాడు ఒక పనస అందించినచో ఒక్క నిమిషములో సందేహము తీరును. ‘సోమయాజి’ యనగా సోమయాగము చేసినవాడు, చేయనివాడు కాడు. ‘అవధాని’ యన్నను అంతే. ఈ పదములకు ప్రవృత్తినిమిత్తము బయటనే యున్నది, పెట్టెలోని కాగితమున లేదు. డాక్టరుశబ్దము కూడ పుట్టినప్పుడు ఈ జాతిదే. పాఠము చెప్పగలడా, వాదమున నిలువగలడా అనుటయే దాని నికషము. తరువాత అది జాతి మారినది.

ఎప్పుడు మారినది? పంతొమ్మిదవ శతాబ్దమున జర్మనీ విశ్వవిద్యాలయములలో. 1810లో నెలకొన్న బెర్లిన్ విశ్వవిద్యాలయము మొదలు, తెలిసినదానిని బోధించుటతోపాటు తెలియనిదానిని కనుగొనుట ఆచార్యుని ధర్మమను భావము బలపడెను. క్రొత్తవిషయము కనుగొని గ్రంథముగా వ్రాసినవానికి డాక్టరు పట్టము. అది అమెరికాలో యేల్ విద్యాపీఠమునకు 1861లో, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డునకు 1917లో చేరినది. సంస్కృతమునకు మాత్రము ఆ పట్టము అంతకుముందే, నేరుగా జర్మనీనుండి వచ్చినది. కీల్‌హార్న్ పండితుడు అక్కడ చదువు ముగించి పూనాకు వచ్చి, అచ్చటి శాస్త్రులయొద్ద కూర్చుండి పరిభాషేందుశేఖరమును చదివి, దానిని పరిష్కరించి ఆంగ్లమున అనువదించెను. తరువాత మహాభాష్యమును మూడు సంపుటములలో ప్రకటించెను. ఆ ముద్రణము నేటికిని నా బల్లమీద నున్నది. రామకృష్ణ గోపాల భండార్కరుగారికి 1885లో గొట్టింగెన్ విద్యాపీఠము గౌరవముగా డాక్టరు పట్టమిచ్చినది. మొదటి తరమున ఈ పట్టమును శాస్త్రులపాఠమును ఒకరినొకరు ఎరిగియుండిరని చెప్పుటకే ఈ రెండు పేర్లు ఎత్తితిని.

పాఠశాలలో పెరిగినవాడను గనుక నేను సిద్ధాంతవ్యాసమును చులకన చేయుదునని పాఠకులు శంకింపవద్దు. మా చదువులో లోపములుండెను. గ్రంథకర్త కాలమెప్పటిదని అడిగినచో మా గురువుగారు “శాస్త్రమునకు కాలమెందులకురా” అనెడివారు. పాఠభేదములు చూచు అలవాటు మాలో లేదు. ఏ ముద్రణము చేతికి వచ్చిన అదియే ప్రమాణము. ఒక వ్యాఖ్యానగ్రంథమున ఒక పంక్తి ఎన్ని విధముల చూచినను అన్వయింపకుండెను. ఆ ముద్రణమున చదివిన వారెవ్వరును దానిని అన్వయింపలేదు. అక్కడకు వచ్చినప్పుడెల్ల “తరువాతి పంక్తి చూడుము” అనుట సంప్రదాయమై పోయినది. పరిశోధకుడైన యువకుడొకడు నాలుగు తాళపత్రప్రతులు తిరుగవేసి, రెండు చోట్ల ఒకే పదముతో ముగిసిన వాక్యములుండుటచేత వ్రాయసగాడు మొదటిదానినుండి రెండవదానికి దూకి నడిమి వాక్యమును విడిచినాడని చూపెను. ఆ వాక్యము చేర్చి చదువగానే పంక్తి తెల్లనైనది. ఆనాడు ఆ యువకుని పేరునకు ముందు డాక్టరని అందరికంటె గట్టిగా చదివినవాడను నేనే.

పుల్లెల శ్రీరామచంద్రుడుగారు రెండు విద్యలును కలిసినచో ఏమి జరుగునో చూపిరి. సంప్రదాయమున వేదాంతశిరోమణియై, ఉస్మానియాలో పండితరాయల అలంకారశాస్త్రమును గూర్చి పరిశోధించి పట్టమందిరి. వారి ఆంధ్రవ్యాఖ్యానములు చదువువారికి ఎక్కడ పాఠశాల ముగిసి ఎక్కడ విశ్వవిద్యాలయము మొదలైనదో తెలియదు. మరియొకవైపు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పరకాలమఠమున చదివి, పరిశోధనపట్టమేమియు లేకయే మైసూరు మహారాజాకళాశాలలో దశాబ్దములు తెలుగు బోధించిరి; అన్నమయ్య రాగిరేకుల పరిష్కరణములో వారి చేయి లేనిచో ఆ పని ఎట్లుండెడిదో ఊహింపలేము. నేటి నిబంధనల ప్రకారము శర్మగారికి ఆ కళాశాలలో ముఖాముఖికి పిలుపు కూడ రాదు.

నిబంధనల మాట వచ్చినది గనుక నా యెదుట జరిగిన దొకటి చెప్పెదను. ఒక శిష్యుడు ఏడు సంవత్సరములు మాయింటి అరుగుమీద సిద్ధాంతకౌముది మొదలు పరిభాషేందుశేఖరము వరకు చదివెను. తరువాత నాగేశునిపై పరిశోధనకు నమోదు చేసికొనెను. పర్యవేక్షకునకు పిహెచ్.డి. ఉండవలెనని నియమము. నాకు లేదు. కావ్యములయందు మంచి కృషి చేసిన మరియొక అధ్యాపకుని పేరు ఆ గడిలో వ్రాసిరి. ఆయన సజ్జనుడు, “శాస్త్రిగారూ, మీరు చూచినచో నేను చూచినట్లే” అని ప్రతి అధ్యాయమును నా యింటికే పంపెడివాడు. ఇందులో ఎవరి తప్పును లేదు. అచ్చయిన వ్యాసమున కృతజ్ఞతల పుటలో నా పేరు టైపు చేసినవారి పేరునకు పైన నున్నది. దానికిని నాకు చింత లేదు.

చింత మౌఖికపరీక్షనాడు కలిగినది. నేను వెనుక వరుసలో ప్రేక్షకుడనై కూర్చుంటిని. పరీక్షకులు మర్యాదగలవారు. అధ్యాయములెన్ని, నూతనాంశమేమి, ఆధారగ్రంథముల వరుస యెట్లు, ఈ పరిశోధన సమాజమునకేమి ఉపకరించును అని అడిగిరి. వీడు చెప్పెను. ఇరువది నిమిషములలో చప్పట్లు కొట్టిరి. అంతరంగపరిభాషపై నాగేశుడు ప్రాచీనులతో విభేదించినచోట రెండు మాసములు వీడు నిద్రలేక కూర్చుండి ఒక సమాధానము కుదుర్చుకొనెను; ఎవరైన అడుగుదురని ఎదురుచూచెను. ఎవరును అడుగలేదు. అడుగుటకు నాకు అధికారము లేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి వాడు మాయింటికి వచ్చి, క్రొత్త శాలువ మడిచి ప్రక్కనబెట్టి, అరుగుమీద కూర్చుండి, ఆ సమాధానమంతయు మొదటినుండి తుదివరకు నాకు చెప్పెను. నేను పూర్వపక్షము చేసితిని. పదకొండున్నర అయినది. వాడు డాక్టరైనది పగలా, రాత్రియా అని నాకు ఇప్పటికిని సందేహమే.

తరువాత నిబంధనలు ఎన్నియో మారినవి. 2018లో విశ్వవిద్యాలయ అనుదానసంఘము గ్రంథచౌర్యనిరోధమునకు నియమములు చేసినది, మంచిపని. కాని యంత్రమునకు వ్యాసము నప్పగించినచో సూత్రము, వార్తికము, భాష్యపంక్తి అన్నియు ‘సామ్యము’గా ఎఱ్ఱరంగు పూసికొని వచ్చుచున్నవని పిల్లలు వాపోవుదురు. ఆధారముతో ఉదాహరించినదానిని లెక్కలో చేర్పరాదని నియమములోనే యున్నను, యంత్రము వద్ద కూర్చున్నవానికి శాస్త్రవాక్యమేదో తెలియవలెను గదా. 2022 నియమములతో ఎం.ఫిల్. తొలగినది. సహాయాచార్యపదవికి పిహెచ్.డి. తప్పనిసరి యగునని చాలకాలము చెప్పి, 2023 జూలైనుండి నెట్, సెట్, స్లెట్ లలో ఒకటి కనీసార్హతయని, పిహెచ్.డి. ఐచ్ఛికమని నిర్ణయించిరి. ఉద్యోగముకొరకే పట్టమునకు పరుగెత్తినవారు దీనితో కొంత నెమ్మదించినచో నాకు విచారము లేదు.

ఇక గౌరవపట్టములు. రాజ్యాంగపు 18వ అధికరణము రాజ్యము బిరుదము లీయరాదని నిషేధించుచు, సైనిక విద్యావిశిష్టతలకు మాత్రము మినహాయింపు ఇచ్చినది. అనగా స్వతంత్రభారతమున రాయబహద్దరు పోయెను, డాక్టరు నిలిచెను. పద్మపురస్కారములను కూడ పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పినది. విద్యాపట్టమునకున్న ఈ గౌరవమును చూచియే దానికి దొంగలు పట్టినారు. నాకే రెండేండ్లక్రిందట ఒక ఉత్తరము వచ్చినది. నా సేవలను గుర్తించి గౌరవడాక్టరేటు నొసగుదురట. వేదిక, పతకము, భోజనమునకుగాను వ్యయములో కొంతభాగము నేను భరింపవలెనట. పట్టములిచ్చు అధికారము చట్టముచేత ఏర్పడిన విశ్వవిద్యాలయములకు, మానిత విశ్వవిద్యాలయములకు, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే కలదని 1956 నాటి అనుదానసంఘచట్టపు 22వ విభాగము స్పష్టముగా చెప్పుచున్నది. ఉత్తరమును మా మనుమరాలు కాగితపు పడవ చేసినది.

గౌరవపట్టమును యోగ్యుడు పొందినచో అది వేరుమాట. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు చదివి పొందిన పట్టము ఎం.ఏ. మాత్రమే, ఆయన డాక్టరేట్లన్నియు గౌరవదత్తములే. 1931 నుండి 1936 వరకు మన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడై, పిమ్మట ఆక్స్‌ఫర్డున ఆచార్యుడై బోధించిన ఆయనను డాక్టరనుటలో అవయవార్థమునకు లోపమేమున్నది? ఆ విశ్వకళాపరిషత్తే తన గౌరవపట్టమునకు ‘కళాప్రపూర్ణ’ అని తెలుగువారి చెవికి ఇంపైన పేరు పెట్టుకొన్నది. గిడుగు రామమూర్తిపంతులుగారికి ఆ పట్టమిచ్చిరి. వాడుకభాషకై పోరిన ఆయనకు తత్సమసమాసము బిరుదమగుట చూచి ఆయన నవ్వుకొనియుందురని నా ఊహ.

ఈ సందర్భమున వ్యాకరణము చేసిన ఒక సూక్ష్మవివేకమును చెప్పక విడువలేను. ఆచార్యుని భార్య ఆచార్యానీ. తానే శాస్త్రము చెప్పునట్టి స్త్రీ ఆచార్యా. అట్లే ఉపాధ్యాయుని భార్య ఉపాధ్యాయానీ. తానే అధ్యాపనము చేయునది ఉపాధ్యాయా, ఉపాధ్యాయీ అనియు. అమరకోశము కూడ ఈ భేదమును విడువలేదు. మొదటిది పుంయోగముచేత వచ్చినది, రెండవది స్వతఃసిద్ధము. తానుగా బోధించు స్త్రీకి వేరుగా రూపమును సాధించిన భాషను మాటలాడినవారి కాలమున అట్టి స్త్రీలు లేకుండిరని నమ్ముట కష్టము. నేను ఈ భేదమును పాఠము చెప్పునప్పుడు మరియొక ప్రయోజనమునకు వాడెడివాడను. పట్టము పొందిన ప్రతివాడును తన్నుతాను అడుగదగిన ప్రశ్న ఇది: నాకు ఈ పదము స్వతః వచ్చినదా, యోగముచేత వచ్చినదా? సంస్థతోడి యోగము, ధనముతోడి యోగము, పర్యవేక్షకునితోడి యోగము, ఎన్నియైన ఉండవచ్చును. మగవారిలోను ఆచార్యానులు చాలమంది యున్నారని అన్నచో తరగతిలో బాలికలు గట్టిగా నవ్వెడివారు. నా చివరి సంవత్సరములలో తరగతిలో వారే ఎక్కువ.

పరిశోధనపట్టమును తీసివేయవలెనని నేను చెప్పను. సిద్ధాంతవ్యాసము వ్రాయింపవలసినదే, ప్రతులు చూపింపవలసినదే. నేను కోరునది ఒక్కటి. మౌఖికపరీక్షలో అభ్యర్థి తాను పరిశోధించిన మూలగ్రంథమునుండి పరీక్షకులు చూపినచోట పది పంక్తులు తీసికొని, ఆ కళాశాల విద్యార్థులు నలుగురిని ఎదుట కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పవలెను. విద్యార్థులకు ప్రశ్నించు స్వేచ్ఛ యుండవలెను. పరీక్షకులలో ఒకరైనను, పట్టమున్నను లేకున్నను, ఆ గ్రంథమును గురుముఖమున చదివినవారై యుండవలెను. దీనికి క్రొత్తగా ధనము అక్కరలేదు, భవనము అక్కరలేదు. ఒక చాప చాలును. తెనాలి శాస్త్రపరీక్షలలో ఆరుమాసముల కొకమారు విద్యార్థి వ్రాసియు, నోట చెప్పియు నిలువవలసియున్నది; అది అసాధ్యమని అక్కడ ఎవ్వరును అనుటలేదు.

ఇట్టిది ఒక్కమారు చేసి చూచితిమి. అధికారికముగా కాదు. ముక్తావళి శబ్దఖండముపై వ్యాసము ముగించిన ఒక అమ్మాయి, సమర్పించుటకు ముందు ఒక ఆదివారము ఉదయము, మా కోరికపై కళాశాల వసారాలో ఐదుగురు విద్యార్థులకు శక్తినిరూపణభాగము చెప్పినది. నేనును మరి ఇద్దరు వృద్ధులును గోడకానుకొని కూర్చుంటిమి. మొదటి పావుగంట ఆమె గొంతు వణికినది. పంకజపదము వచ్చినప్పుడు వెనుక కూర్చున్న కుఱ్ఱవాడు, కలువయు బురదలోనే పుట్టుచున్నది గదా, దానినేల చెప్పరాదని అడిగెను. ఆమె రూఢిజ్ఞానము ప్రతిబంధకమగునని చెప్పినది. వాడు ఒప్పుకొనలేదు, ఎక్కడైన కలువకు ఆ పదము వాడినచో ఏమందురని మరల అడిగెను. అప్పుడు లక్షణ చెప్పవలసి వచ్చినది. లక్షణకు శక్యార్థబాధ కావలెను గదా, ఇక్కడ బాధ యేదని మా వృద్ధులలో ఒకరు తగులుకొనిరి. ఆమె గొంతు వణుకుట ఎప్పుడు మానినదో ఎవరును గమనింపలేదు. వసతిగృహపు వంటమనిషి రెండుమార్లు వచ్చి అన్నము చల్లారుచున్నదని చెప్పి పోయెను. మూడవమారు వచ్చినప్పుడు ఆమె తల యెత్తక, “బాబాయిగారూ, ఇంకొక్క పంక్తి” అనినది.